ఒకే షియర్ బ్యాండ్ కాస్త దూరం నల్లగా, కాస్త దూరం తెల్లగా: సాంద్రతా, మందమా, కూర్పా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. జిర్కోనియం ఆధారిత బల్క్ మెటాలిక్ గ్లాస్‌ను (అణువులు స్ఫటిక వరసల్లో లేని, గాజులాంటి లోహం) కోల్డ్ రోలింగ్ చేశారు, అంటే వేడిచేయకుండా రోలర్ల మధ్య నొక్కారు. ఫాయిల్ (ఎలక్ట్రాన్లు దాటిపోయేంత పల్చటి రేకు) తీసి స్టెమ్‌లో (పుంజాన్ని బిందువు బిందువుగా నడిపే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) హెచ్ఏఏడీఎఫ్ డిటెక్టర్‌తో (ఎక్కువ కోణంలో చెదిరిన ఎలక్ట్రాన్లను పట్టేది) చూస్తే, ఒకే షియర్ బ్యాండ్ (జారుడంతా కేంద్రీకృతమైన సన్నటి పట్టీ) పొడవునా కొంతమేర చుట్టూ ఉన్న మ్యాట్రిక్స్ (జారని మిగతా గాజు) కంటే నల్లగా, తర్వాత కొంతమేర తెల్లగా ఉంది. షియర్ బ్యాండ్ అంటే సాంద్రత తగ్గిన చోటని చదువుకున్నాం కదా, మరి తెల్లటి ముక్కలు ఎక్కడివి? ఇవి నిజమా, ఫాయిల్ తయారీలో పుట్టినవా? నిజమైతే అంకెల్లో ఎలా చెప్పాలి?

నిజమై ఉండే అవకాశం బాగానే ఉంది. కానీ హెచ్ఏఏడీఎఫ్ చిత్రం ఒక్కటే చూపించి సాంద్రత అనే మాట వాడకండి. ఆ చిత్రంలోని ప్రకాశం మూడింటి లబ్ధం: మందం, కూర్పు, సాంద్రత. మొదటి రెండిటి లెక్క తేల్చాక మిగిలిందే మూడోది. చాలామంది వరస తిరగేసి, ముందు సాంద్రత ప్రకటించేసి, రివ్యూయర్ అడిగాక మందం కొలవడానికి పరుగెత్తుతారు. అప్పటికి ఆ ఫాయిల్ ఆక్సీకరణ చెంది ఉంటుంది.

"సాంద్రత తగ్గిన పట్టీ" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. 1977లో స్పేపెన్ ఫ్రీ వాల్యూమ్ నమూనా, 1979లో ఆర్గన్ షియర్ ట్రాన్స్‌ఫర్మేషన్ జోన్ నమూనా వచ్చాయి. రెండిటి సారం ఒకటే: గాజులో అణువుల గుంపు జరగాలంటే చుట్టూ కాస్త జాగా కావాలి, జరిగేటప్పుడు ఆ జాగా పెరుగుతుంది. దానికి ముందే, 1972లో, షియర్ బ్యాండ్లను ఎచింగ్ ద్రావణం మిగతా చోటుకంటే త్వరగా తినేస్తుందనీ, అనీలింగ్ చేస్తే (కొంతసేపు వేడిలో ఉంచితే) ఆ తేడా పోతుందనీ పాంపిల్లో చూపించాడు. ఇవన్నీ బ్యాండ్ సగటు మీద చెప్పిన మాటలు. బ్యాండ్ పొడవునా ఒకే తీరు ఉంటుందని వీటిలో ఏదీ చెప్పదు. ఆ ఊహ మనం చేర్చుకున్నదే.

పొడవు వెంట కొలిచినప్పుడు బొమ్మ మారింది. అల్యూమినియం 88, ఇట్రియం 7, ఐరన్ 5 కూర్పున్న గాజులో జర్మనీలోని మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయ బృందం 2015లో ప్రచురించిన కొలతల్లో, ఒకే బ్యాండ్‌లో సాంద్రత మ్యాట్రిక్స్ కంటే 9 శాతం తక్కువ నుంచి 6 శాతం ఎక్కువ వరకు మారుతూ పోయింది. అందులో బాగా గమనించాల్సింది ఒకటుంది: బ్యాండ్ తన ప్రధాన దిశ నుంచి కొద్దిగా పక్కకు వంగిన చోట్లే ఈ మార్పులు వచ్చాయి. బ్యాండ్ తిన్నటి గీత కాదు, సన్నగా మెలికలు తిరుగుతూ పోతుంది. ఒక మెలికలో జారే తలాల మీద లాగుడు, తర్వాతి మెలికలో నొక్కుడు పడుతుంది. లాగుడు పడిన చోట గాజు వదులవుతుంది, నొక్కుడు పడిన చోట కుదించుకుపోతుంది. ఎష్‌ల్‌బీ తరహా చతుర్ధ్రువ ఒత్తిడి క్షేత్రాలు (చుట్టూ లాగుడు, నొక్కుడు మార్చిమార్చి ఉండేవి) వరసగా ఏర్పడటమే షియర్ బ్యాండ్ అని 2012లో వచ్చిన సిద్ధాంతానికి ఈ ఏకాంతర బొమ్మ బాగా సరిపోయింది. కాబట్టి మీ చిత్రంలో మొదట వెతకాల్సింది ఇదే: రంగు మారే చోట బ్యాండ్ దిశ రెండు మూడు డిగ్రీలైనా మారుతోందా? మారుతుంటే మీ వాదనకు అది బలమైన సాక్ష్యం. ఎందుకంటే ఫాయిల్ తయారీలో వచ్చే గాడికి బ్యాండ్ మెలికతో పని లేదు.

"ఇంత తేడా ఉంటే ముక్కను ద్రవంలో తూచే ఆర్కిమిడీస్ పద్ధతిలో తెలియాలి కదా" అనే అభ్యంతరం తప్పకుండా వస్తుంది. లెక్క వేయండి. బ్యాండ్ వెడల్పు 15 నానోమీటర్లు, బ్యాండ్ల మధ్య దూరం 1 మైక్రోమీటరు అనుకుంటే ఘనపరిమాణంలో బ్యాండ్ల వాటా 1.5 శాతం. నలుపు తెలుపులు కలిపి బ్యాండ్ సగటు సాంద్రత 3 శాతం తగ్గిందనుకున్నా ముక్క మొత్తం మీద తగ్గేది 0.045 శాతం. బ్యాండ్లు 10 మైక్రోమీటర్ల దూరంలో ఉంటే అందులో పదో వంతు. బల్క్ కొలత ఈ వివాదాన్ని తేల్చలేదు, కొట్టిపారేయనూ లేదు.

ఇక పని సంగతి. కోల్డ్ రోలింగ్ నమూనాతో మొదలుపెట్టడం కష్టమైన దారి. రోలర్ కింద ప్రతి పాస్‌లో పాత బ్యాండ్లు మళ్ళీ కదులుతాయి, ఒకదాన్నొకటి కోసుకుంటాయి, కొన్ని వెనక్కి కూడా జారుతాయి. ఏ ముక్క ఏ ఒత్తిడిలో ఏర్పడిందో చెప్పలేరు. వీలుంటే నాచ్ పెట్టిన చిన్న కడ్డీని మూడు బిందువుల వంపులో పెట్టి, మొదటి బ్యాండ్లు కనిపించగానే ఆపండి. లాగుడు వైపు ఏదో, నొక్కుడు వైపు ఏదో ముందే తెలుస్తుంది. సంపీడనం చేయాలంటే ఎత్తు వెడల్పుకు రెండింతలుండే ముక్క తీసుకోండి, ఉదాహరణకు 3 బై 3 బై 6 మిల్లీమీటర్లు. రెండు కొనలూ సమాంతరంగా పాలిష్ చేసి, సెకనుకు పదివేలలో ఒక వంతు స్ట్రెయిన్ రేటుతో నడిపి, మొదటి కొన్ని సెరేషన్ల (ఒత్తిడి గ్రాఫ్‌లో కనిపించే రంపపు పళ్ళ) తర్వాత దించేయండి. కొనలు వాలుగా ఉంటే బ్యాండ్లన్నీ ఒకే మూలలో పుడతాయి.

ఫాయిల్ తీసే ముందే సెమ్‌లో (ఉపరితలాన్ని చూపే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ప్రతి బ్యాండ్ ఉపరితలం మీద వదిలిన మెట్టు ఎత్తు కొలిచి రాసుకోండి. పది నానోమీటర్లు జారిన బ్యాండ్, రెండు మైక్రోమీటర్లు జారిన బ్యాండ్ ఒకటి కావు. ఎక్కువ దూరం ఒక్కసారిగా జారితే వేడి పుడుతుంది. 2006లో లెవండోవ్‌స్కీ, గ్రీర్ చేసిన ప్రయోగంలో ఉపరితలం మీద పూసిన పల్చటి తగరపు పూత, బ్యాండ్ దాటిన చోట కరిగి పూసలు కట్టింది. తగరం కరిగేది 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర. కరిగిన మేర బ్యాండ్ కంటే ఎంతో వెడల్పు, మైక్రోమీటరులో కొంత భాగం. అంటే మెట్టు పెద్దదైతే మీరు చూసేది జారుడు మిగిల్చిన నిర్మాణమే కాదు, ఆ తర్వాత వేడికి కొంత సర్దుకున్న నిర్మాణం కూడా. పేపర్లో మెట్టు ఎత్తు ఇవ్వకపోతే ఇద్దరి ఫలితాలు పోల్చడానికి దారే ఉండదు.

ఫాయిల్ తయారీలో స్ఫటిక లోహాలకు ఉన్న ఒక సౌకర్యం ఇక్కడ లేదు. స్ఫటికంలో అయాన్ బీమ్ పాడుచేసిన చోటు, దోషాలుగానో అస్ఫటిక పొరగానో, కంటికి కనిపిస్తుంది. గాజు ముందే అస్ఫటికం, పాడైనా అలాగే కనిపిస్తుంది. కాబట్టి ఫిబ్ (సన్నటి అయాన్ పుంజంతో కోసే యంత్రం) వాడితే 30 కిలోవోల్టులతో కోత, తర్వాత 5, చివర 2 కిలోవోల్టులతో రెండు వైపులా శుభ్రం చేయడం తప్పనిసరి. ఆర్గాన్ మిల్లింగ్ (ఆర్గాన్ అయాన్లతో అరగదీయడం) అయితే ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన స్టేజి మీద, తక్కువ కోణంలో చేసి, చివరి పది నిమిషాలు 1 కిలోవోల్టు లోపు.

ఎలక్ట్రోపాలిషింగ్ (ద్రావణంలో విద్యుత్తుతో పల్చన చేయడం) అయాన్ నష్టం లేనిది, కానీ పాంపిల్లో చూసిన ఎచింగ్ సమస్య ఇక్కడే తగులుతుంది: బ్యాండ్ త్వరగా కరిగి గాడి పడొచ్చు. ఒక పాలు నైట్రిక్ ఆమ్లం, మూడు పాళ్ళు మిథనాల్ మిశ్రమం మైనస్ 20 డిగ్రీల దగ్గర వాడుతుంటారు. మిథనాల్‌ను ముందే చల్లబరిచి అందులోకి ఆమ్లాన్ని నెమ్మదిగా పోయండి. ఆమ్లం వాటా మూడో వంతు దాటనివ్వొద్దు, మిథనాల్ బదులు ఇథనాల్ పోయొద్దు, మిగిలింది సీసాలో మూత బిగించి దాచొద్దు. ఇవి పేలే మిశ్రమాలు.

ఏ పద్ధతి మంచిదంటే, రెండూ చేయండి. ఒకే వికృతి పొందిన ముక్క నుంచి ఒక ఫాయిల్ ఎలక్ట్రోపాలిషింగ్‌తో, ఒకటి ఫిబ్‌తో. రెండిట్లోనూ నలుపు తెలుపులు ఒకే స్థాయిలో వస్తే తయారీ దోషమనే అనుమానం దాదాపు తీరినట్టే. ఇంకో చిన్న తర్కం: గాడి పడితే బ్యాండ్ నల్లబడుతుంది తప్ప తెల్లబడదు. మీ దగ్గర తెల్లటి ముక్కలున్నాయి, అది మీకు అనుకూలం. కాకపోతే ఆక్సైడ్ పేరుకోవడమో, మిల్లింగ్‌లో ఎగిరిన పదార్థం మళ్ళీ అంటుకోవడమో కాదని ఈడీఎస్‌లో (వెలువడే ఎక్స్‌రేలతో మూలకాలను గుర్తించే పద్ధతి) ఆక్సిజన్ చూసి తేల్చుకోవాలి. బ్యాండ్‌కు రెండు పక్కలా మ్యాట్రిక్స్ ప్రకాశం వేరువేరుగా ఉంటే అది మందంలో మెట్టు, బ్యాండ్ సంగతి కాదు.

బ్యాండ్ తలం ఎలక్ట్రాన్ పుంజానికి అంచు వైపు నిలబడాలి. స్ఫటికంలోలాగా కికుచి గీతలు (స్ఫటిక తలాల దిశను చూపే డిఫ్రాక్షన్ గీతలు) పట్టుకుని సరిచేసే వీలు ఇక్కడ లేదు. అటూ ఇటూ ఒక్కో డిగ్రీ టిల్ట్ చేస్తూ వెడల్పు అన్నిటికంటే తక్కువైన చోట ఆగాలి. బద్ధకిస్తే ఎంత నష్టమో చూడండి. 15 నానోమీటర్ల బ్యాండ్, 80 నానోమీటర్ల ఫాయిల్. 5 డిగ్రీల వాలు ఉంటే బ్యాండ్ 22 నానోమీటర్లుగా కనిపిస్తుంది, మధ్యలో కాంట్రాస్ట్ మాత్రం అలాగే ఉంటుంది. 15 డిగ్రీలైతే పుంజం బ్యాండ్ లోపల నడిచేది 80లో 58 నానోమీటర్లే, మిగతాది మ్యాట్రిక్స్. అసలు మైనస్ 6 శాతం ఉన్నది మైనస్ 4.3గా కనిపిస్తుంది. ప్రచురితమైన బ్యాండ్ వెడల్పుల్లో కనిపించే తేడాలకు ఈ వాలు కూడా ఒక కారణమని నా అనుమానం. ఇంకో మాట: నలుపు, తెలుపు ముక్కల పొడవు ఫాయిల్ మందం కంటే తక్కువైతే లోతు వెంట అవి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. పల్చన చేస్తే మంచిదే, కానీ ఒక్కో వైపు 5 నానోమీటర్ల పాడైన పొర ఉందనుకుంటే 80లో అది ఎనిమిదో వంతు, 40లో నాలుగో వంతు. 60 నుంచి 80 మధ్య ఉంచుకోవడం నయం.

చిత్రం తీసేటప్పుడు డిటెక్టర్ లోపలి కోణం 50–60 మిల్లీరేడియన్ల పైన ఉండనివ్వండి. తక్కువైతే మీడియం రేంజ్ ఆర్డర్ (ఒకటి రెండు నానోమీటర్ల మేర ఉండే అణువుల అమరిక) నుంచి వచ్చే కొహెరెంట్ పరిక్షేపణ కూడా కలిసిపోయి, నిర్మాణంలోని తేడా సాంద్రతలాగా కనిపిస్తుంది.

తర్వాతది చిన్న విషయంలా ఉంటుంది కానీ ఎక్కువ మందిని ముంచేది ఇదే: శూన్యంలో డిటెక్టర్ చూపే అంకె సున్నా కాదు. ఫాయిల్ రంధ్రంలో పుంజం పెట్టి ఆ నేపథ్య అంకె కొలిచి తీసేయాలి. మ్యాట్రిక్స్‌లో 32,000, బ్యాండ్‌లో 31,000, శూన్యంలో 12,000 వచ్చిందనుకోండి. నేరుగా భాగిస్తే తేడా 3.1 శాతం. నేపథ్యం తీసేసి భాగిస్తే 20,000లో 1,000, అంటే 5 శాతం. బ్రైట్‌నెస్ నాబ్ కొద్దిగా తిప్పితే సాంద్రత మారిపోతుందన్నమాట. కాంట్రాస్ట్ సవరించి సేవ్ చేసిన చిత్రం మీద శాతాలు లెక్కించడం ఇంకా ఘోరం. ముడి డేటా, 16 బిట్, ఎక్కడా సాచురేషన్ లేకుండా ఉండాలి.

మందానికి ఈఈఎల్ఎస్ (ఫాయిల్ దాటుతూ ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న శక్తిని కొలిచేది) లాగ్ రేషియో పద్ధతి వాడండి. అదే స్కాన్‌లో, అదే బిందువుల దగ్గర కొలవండి. మందాన్ని ఇనిలాస్టిక్ సగటు స్వేచ్ఛా పథంతో (ఎలక్ట్రాన్ శక్తి పోగొట్టుకునే రెండు ఘటనల మధ్య సగటు దూరం) భాగించిన విలువ వస్తుంది, అది 0.8 దాటితే ఇంకా పల్చటి చోటుకు వెళ్ళండి. చాలామంది హెచ్ఏఏడీఎఫ్ ప్రకాశాన్ని ఈ విలువతో భాగించి మందం పోయిందనుకుంటారు. మందం పోతుంది, కానీ దాంతో పాటు కొంత సాంద్రత కూడా వెళ్ళిపోతుంది. స్వేచ్ఛా పథం కూడా సాంద్రత మీద ఆధారపడుతుంది, దాని విలోమం సుమారుగా సాంద్రత 0.3 ఘాతం వెంట మారుతుంది. కాబట్టి భాగించగా మిగిలేది సాంద్రత 0.7 ఘాతం. అసలు మైనస్ 9 శాతం మీకు మైనస్ 6.4గా కనిపిస్తుంది. సవరణ సులువే, చేయడం మరిచిపోవడం అంతకంటే సులువు. అల్యూమినియం ఎక్కువున్న గాజులో ప్లాస్మాన్ శిఖరం (ఎలక్ట్రాన్ల సామూహిక ఊగిసలాట వల్ల ఈఈఎల్ఎస్‌లో వచ్చేది) స్థానం మందంతో పని లేని మరో సాక్ష్యం: దాని శక్తి ఎలక్ట్రాన్ సాంద్రత వర్గమూలంతో మారుతుంది కాబట్టి 15 ఎలక్ట్రాన్ వోల్టుల శిఖరం 5 శాతం సాంద్రత తగ్గితే దాదాపు 0.38 ఎలక్ట్రాన్ వోల్టులు కిందికి జరుగుతుంది. మీ జిర్కోనియం గాజులో శిఖరం వెడల్పు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు కూర్పు. హెచ్ఏఏడీఎఫ్ ప్రకాశం పరమాణు సంఖ్య 1.7 ఘాతం చుట్టూ మారుతుందనుకుని రెండు గాజులకు లెక్క వేసి చూడండి. అల్యూమినియం 88 గాజులో ఒక్క అణుశాతం అల్యూమినియం పోయి ఆ చోట ఇట్రియం వస్తే ప్రకాశం 3.7 శాతం పెరుగుతుంది. జిర్కోనియం 52.5, రాగి 17.9, నికెల్ 14.6, అల్యూమినియం 10, టైటానియం 5 కూర్పున్న గాజులో ఒక అణుశాతం రాగి బదులు జిర్కోనియం వస్తే పెరిగేది 0.6 శాతమే. మీ గాజు ఈ రెండో రకం కాబట్టి కూర్పు మాయ చేసే అవకాశం తక్కువ. అల్యూమినియం గాజులో పనిచేసేవారు మాత్రం ఈడీఎస్ లేకుండా సాంద్రత మాట ఎత్తకూడదు.

బ్యాండ్‌లో కూర్పు మారడం వింతేమీ కాదు. పలేడియం 40, నికెల్ 40, ఫాస్ఫరస్ 20 గాజులో రేడియోధార్మిక వెండితో 2011లో చేసిన కొలతలో బ్యాండ్ల వెంట విసరణ మ్యాట్రిక్స్‌లో కంటే ఎనిమిది ఆర్డర్లకు పైగా, అంటే పది కోట్ల రెట్లు మించి ఉంది.

ఈడీఎస్‌లో ఎన్ని కౌంట్లు కావాలంటే, 10 అణుశాతం ఉన్న మూలకంలో 1 అణుశాతం మార్పును మూడు సిగ్మాలతో చెప్పడానికి నేపథ్యం తీసేశాక కనీసం 900. 0.3 అణుశాతం మార్పుకు 10,000. 15 నానోమీటర్ల వెడల్పులో ఒక్క అడ్డ గీత స్కాన్‌తో అన్ని కౌంట్లు రావు, పొడవు వెంట కలపాల్సిందే. ఇక్కడే అసలు ఉచ్చు. మొత్తం పొడవు కలిపేస్తే నలుపూ తెలుపూ కలిసి తేడా చచ్చిపోతుంది, "కూర్పులో మార్పు లేదు" అని రాసేస్తారు. హెచ్ఏఏడీఎఫ్ చిత్రంతో మాస్క్ చేసి నల్లటి ముక్కలన్నీ ఒక కుప్ప, తెల్లటివన్నీ ఒక కుప్ప, మ్యాట్రిక్స్ ఇంకో కుప్పగా వేరువేరుగా కలపండి. పాత కొలతలు ఒకదానికొకటి పొసగకపోవడానికి ఈ సగటే చాలావరకు కారణమని నేను అనుకుంటాను.

నానో స్ఫటికాల సంగతి క్లుప్తంగా. అల్యూమినియం గాజు రిబ్బన్లను వంచితే బ్యాండ్లలో అల్యూమినియం నానో స్ఫటికాలు పుడతాయని 1994లోనే చూపించారు. అవి బరువైన అణువుల్ని బయటికి నెడతాయి కాబట్టి హెచ్ఏఏడీఎఫ్‌లో నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి, అచ్చం సాంద్రత తగ్గినట్టే. నానోబీమ్ డిఫ్రాక్షన్‌లో 2.34 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర బ్రాగ్ చుక్కలు (స్ఫటికం ఉందని చెప్పే చుక్కలు) వస్తే దొరికిపోయినట్టే. జిర్కోనియం గాజు బ్యాండ్లలో ఒక నానోమీటరు స్థాయి ఖాళీలు 2002లో నివేదించారు. అంత చిన్నవి మీ 80 నానోమీటర్ల ఫాయిల్‌లో విడిగా కనపడవు.

ఇవన్నీ దాటాక మిగిలే ప్రశ్న, అణువుల అమరిక మారిందా అన్నది. దీనికి ఫ్లక్చుయేషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ. 2 నానోమీటర్ల ప్రోబ్‌తో ఒక్కో బిందువు దగ్గర డిఫ్రాక్షన్ తీసి, ప్రతి పరిక్షేపణ కోణం దగ్గరా తీవ్రత వర్గం సగటును సగటు తీవ్రత వర్గంతో భాగించి ఒకటి తీసేస్తే నార్మలైజ్డ్ వేరియన్స్ వస్తుంది. జిర్కోనియం గాజులకు మొదటి శిఖరం విలోమ ఆంగ్‌స్ట్రామ్‌లలో 2.6 దగ్గర, రెండు పై కలపని లెక్కలో 0.41 దగ్గర. ఈ రెండు లెక్కల్నీ కలగలిపేసి తికమకపడటం మామూలే.

బ్యాండ్ అడ్డంగా ఏడెనిమిది బిందువులే పడతాయి. గణాంకాలకు కొన్ని వందల నమూనాలు కావాలంటే పొడవు వెంట 200 నానోమీటర్లయినా స్కాన్ చేయాలి, విశ్లేషించేటప్పుడు మళ్ళీ అదే మాస్కుతో నలుపు తెలుపుల్ని విడదీయాలి. వేరియన్స్ మందానికి విలోమంగా మారుతుంది: ఫాయిల్ 5 శాతం పల్చనైతే శిఖరం 5 శాతం ఎత్తు పెరుగుతుంది, నిర్మాణంలో ఏ మార్పూ లేకుండానే. కౌంట్లు తక్కువైతే షాట్ నాయిస్ కూడా వేరియన్స్‌లో కలిసిపోతుంది, దాన్ని విడిగా తీసేయాలి. మందం మ్యాప్ లేని వేరియన్స్ మ్యాప్‌ను నమ్మకండి.

నానోఇండెంటేషన్‌లో (చిన్న మొనను గుచ్చి కాఠిన్యం కొలిచే పద్ధతి) బ్యాండ్ చుట్టూ పదుల మైక్రోమీటర్ల మేర కాఠిన్యం తగ్గిందని చూపే ఫలితాలను ఈ నలుపు తెలుపులతో కలపకండి. 5.5 గిగాపాస్కల్స్ కాఠిన్యం ఉన్న గాజులో బెర్కోవిచ్ మొనతో 1 మిల్లీన్యూటన్ వేసినా గుంట లోతు 85 నానోమీటర్ల చుట్టూ ఉంటుంది, దాని కింద ప్లాస్టిక్ జోన్ అంతకు ఎన్నో రెట్లు. 15 నానోమీటర్ల బ్యాండ్ లోపలి తేడా దానికి తెలియదు. అది కొలిచేది బ్యాండ్ ప్రభావం పడిన పరిసరాన్ని, అక్కడి మిగులు ఒత్తిళ్ళను.

చివరిగా ఒక పరీక్ష. మీ గాజు గ్లాస్ ట్రాన్సిషన్ (గాజు మెత్తబడటం మొదలయ్యే ఉష్ణోగ్రత) 400 డిగ్రీల దగ్గర ఉంటే, వికృతి పొందిన ముక్కలో సగాన్ని వాక్యూమ్‌లో దానికి 50 డిగ్రీల కింద ఒక గంట ఉంచి, ఆ తర్వాతే ఫాయిల్ తీయండి. ఫాయిల్‌ను వేడిచేయకండి, ఉపరితలం ముందు మారిపోతుంది. కాంట్రాస్ట్ బాగా తగ్గితే అది ఫ్రీ వాల్యూమ్‌తో ముడిపడిన సాంద్రత తేడా అనే వాదన బలపడుతుంది. అలాగే నిలిచిపోతే కూర్పు కుప్పల్ని మళ్ళీ లెక్కించండి, అక్కడా ఏమీ లేకపోతే మందం మ్యాప్ దగ్గరికి తిరిగి వెళ్ళండి. ఈ పరీక్ష అల్యూమినియం గాజులతో చేయొద్దు, సర్దుకునే లోపే స్ఫటికాలు మొదలవుతాయి. వికృతి చేసిన రోజుకూ ఫాయిల్ చూసిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు గడిచాయో నోటుబుక్కులో రాసిపెట్టండి. బ్యాండ్‌లో అణువులు అంత చురుగ్గా తిరుగుతున్నప్పుడు, డ్రాయర్‌లో ఆరు నెలలు పడి ఉన్న ముక్కనూ నిన్న రోల్ చేసిన ముక్కనూ ఒకే పట్టికలో పెట్టలేరు.